ముంపులోంచి లేచిన ఇంజను

2022 జూలైలో గోదారి యానాం వీధుల్లోకి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన వారం అది. పులసను తెచ్చే ఎర్రనీరే ఆ వారం మా ఇళ్ళ గుమ్మాలెక్కింది. నీళ్ళు తీశాక అడవిపొలంలో మా తాతగారి పాకకు వెళ్ళి చూస్తే, మూలనున్న ఆయిల్ ఇంజను మీద ఒండ్రు గీత కనిపించింది. ఫ్లైవీలు నడిమి దాటి, సిలిండరు మెడ వరకూ ఉందా గీత.

ఆ ఇంజను తిరిగి పాతికేళ్ళయింది. కరెంటు మోటారు వచ్చాక దానిమీద గోనెపట్టా కప్పి వదిలేశారు. అయినా మునిగిపోయిన దాన్ని చూస్తే మనసు ఊరుకోలేదు. పాక చూరులో దోపి ఉన్న హ్యాండిలు తీసి షాఫ్టుకు తగిలించాను. వెనకనుంచి, నాతో వచ్చిన ఇంజను మేస్త్రీ గారు ఒక్క కేక పెట్టారు.

“అయ్యబాబోయ్, తిప్పకండి! లోపల నీళ్ళుంటాయండి.”

ఆ కేకే ఇంజనును కాపాడింది. గాలిని నొక్కితే అణుగుతుంది, నీటిని నొక్కితే అణగదు. సిలిండరులోకి నీరు చేరి, వాల్వులు మూసుకుని ఉన్నప్పుడు పిస్టన్ పైకి వస్తే, ఆ నీటికి పోవడానికి దారుండదు. బరువైన చక్రాలు మాత్రం ఆగవు. మధ్యలో నలిగేది కనెక్టింగ్ రాడ్డు. అది వంగితే మార్చాల్సిందే, అప్పటిదాకా ఇంజను పాత ఇనుము కిందే లెక్క. ముంపు తర్వాత పాడైపోయిన ఇంజన్లలో కొన్ని వరదలో పోలేదు, వరద తీశాక ఆత్రంగా వేసిన మొదటి చుట్టులో పోయాయి. మేస్త్రీ గారు అవి చూసినవారు.

ఇది ఎక్కడ పుట్టిన యంత్రమో చెప్పాలి. మా ఇంజను పోతపోసింది రాజ్‌కోట్‌లో. దాని నమూనా మాత్రం ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో, డర్స్‌లీ అనే చిన్న ఊరిది. అక్కడి లిస్టర్ కంపెనీ 1929లో ‘సీఎస్’ అనే ఇంజను తెచ్చింది. సీఎస్ అంటే ‘కోల్డ్ స్టార్ట్’. చల్లగా ఉన్న ఇంజనును చేత్తో తిప్పితే చాలు, అందుకుంటుందని అర్థం. ఈ మాట పేరులో పెట్టుకునేంత గొప్పదా అని మనకిప్పుడు అనిపించవచ్చు. ఆ రోజుల్లో అది గొప్పదే. అప్పటి చిన్న ఆయిల్ ఇంజన్లలో చాలావాటికి తలమీద ఒక ఇనుప బుడ్డి ఉండేది. దాన్ని బ్లోల్యాంపు మంటతో ఎర్రగా కాల్చి, ఆ తర్వాత చక్రం తిప్పాలి. పొద్దున్నే పొలానికి నీళ్ళు పెట్టాలంటే ముందు పొయ్యి రాజేసినట్టే.

రుడాల్ఫ్ డీజిల్ ఆలోచన ఆ మంటే వద్దన్నది. గాలిని బాగా నొక్కితే అదే కాగుతుంది, అందులో నూనె చల్లితే దానంతటదే అంటుకుంటుంది అని ఆయన లెక్కవేశాడు. 1893లో పేటెంటు పొందాడు, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఇంజను నడిపి చూపించాడు. ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు పైగా పనిగా మార్చిందది. ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో లేవు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు. అది ఫ్రెంచి ప్రభుత్వం కోరిక మీద చేసిన ప్రయోగమని డీజిలే తర్వాత చెప్పాడు. తమ ఆఫ్రికా వలసల్లో వేరుశనగ పండుతుంది, బయటినుంచి బొగ్గూ నూనే తెచ్చుకోకుండా అక్కడి పంటతోనే యంత్రాలు నడుపుకోవచ్చునా అన్నది వాళ్ళ ఆలోచన. అప్పటికి యానాం కూడా ఆ ఫ్రెంచి జెండా కిందే ఉంది. 1954 దాకా ఉంది. మా ఊరిని ఏలిన ప్రభుత్వం కోరితే డీజిల్ ఇంజను వేరుశనగ నూనె తాగిందన్న సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అంత మంచి ఆలోచన పొలం దాకా రావడానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. కారణం, నూనె చల్లడం. సిలిండరులో అణిగి ఉన్న గాలి ఎదురు తోస్తుంటే, దాన్ని గెలిచి నూనెను పొగమంచులా చల్లాలి. డీజిల్ మొదటి ఇంజన్లు అందుకు వేరే కంప్రెషరు పెట్టుకుని, ఇంకా గట్టిగా నొక్కిన గాలితో నూనెను ఊదేవి. ఆ సరంజామా ఓడలకూ కర్మాగారాలకూ సరిపోయింది కానీ, రైతు పాకలో పట్టదు. 1927లో జర్మనీలోని బాష్ కంపెనీ చిన్నపాటి ఇంజెక్షన్ పంపును పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. గాలి సాయం లేకుండా నూనెనే నేరుగా తోసే పంపు అది. ఆ తర్వాత రెండేళ్ళకే లిస్టర్ సీఎస్ వచ్చింది. డీజిల్ పేరు అందరికీ తెలుసు, ఆ పంపు సంగతి ఎవరూ చెప్పుకోరు. నా మటుకు నాకు, పల్లెకు ఇంజను తెచ్చింది ఆ పంపే.

మన దేశంలో సాతారాలో 1930ల్లోనే డీజిల్ ఇంజన్లు చేశారు. 1946లో పుణె దగ్గర ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ యంత్రాల దిగుమతి కష్టమైనప్పుడు, రాజ్‌కోట్‌లోని చిన్న చిన్న పోత ఫౌండ్రీలూ లేతు షెడ్లూ లిస్టర్‌ను విప్పి, కొలిచి, మళ్ళీ పోతపోశాయి. డర్స్‌లీలో ఆ ఇంజను తయారీ ఆగిపోయాక కూడా రాజ్‌కోట్‌లో ఆగలేదు. ఆ ఇంజన్లే పిండిమరలు తిప్పాయి, చెరకు గానుగలు ఆడాయి, లంకల్లో కూరగాయల పాదులకు నీళ్ళు తోడాయి. కాటన్ ఆనకట్ట తర్వాత గోదారి డెల్టాకు నీటి కరువు లేదని బయటివాళ్ళు అనుకుంటారు. కాలువ చివరి పొలాల వాళ్ళను అడగండి. వంతు రోజున కాలువలో నీరు అడుగున పారుతుంటే పొలంలోకి ఎక్కించేది ఇంజనే. వానాకాలంలో చేనులో నిలిచిన నీటిని బయటికి తోడేదీ అదే. ఎదుర్లంక వంతెన రాకముందు యానాం రేవులో పంటు కోసం నిలబడితే, గౌతమికి రెండు గట్ల మీదా ఎక్కడో ఒకచోట ఆ డబ్ డబ్ చప్పుడు వినబడుతూనే ఉండేది.

ఆ చప్పుడు అంత విడివిడిగా ఎందుకు వినబడుతుందంటే, అది నెమ్మది ఇంజను. నిమిషానికి 600 చుట్లు. రెండు చుట్లకు ఒకసారి నూనె మండుతుంది కాబట్టి సెకనుకు అయిదు దెబ్బలు. సిలిండరు అడ్డకొలత నాలుగున్నర అంగుళాలు, పిస్టన్ కదిలే దూరం అయిదున్నర. లెక్కవేస్తే 1,430 సీసీ పైచిలుకు వస్తుంది. అంత సిలిండరు ఇచ్చేది అయిదు హార్స్‌పవర్. రోడ్డు మీద పోయే వంద సీసీ మోటారు సైకిలు ఇంతకన్నా ఎక్కువే ఇస్తుంది. మరి ఇంత ఇనుము దేనికి?

ఇనుము అరగకుండా ఉండడానికి. మా ఇంజనులో పిస్టన్ సగటున సెకనుకు 2.8 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే మోటారు సైకిల్లో 8 మీటర్లు పరుగెడుతుంది. నెమ్మదిగా కదిలే లోహం తక్కువ అరుగుతుంది, నూనె పొర చిరగదు, మండడానికి నూనెకు తీరిక దొరుకుతుంది. గంటకు లీటరు పైచిలుకు డీజిలు తాగే ఈ ఇంజను ఆ గంటలో 18,000 సార్లు నూనె చల్లుకుంటుంది. అంటే ఒక్కో దెబ్బకు వాడేది ఇంచుమించు ఒక చుక్క. ఒక్క చుక్క డీజిలు మండితే అంత చక్రం తిరిగి, కాలువ నీరు గట్టెక్కుతోంది. చిన్నప్పుడు తాతగారి పక్కన కూర్చుని ఎన్ని వేల చుక్కల చప్పుడు విన్నానో!

ఇక విప్పుడు మొదలుపెట్టాం. మొదటి చిక్కు స్పానర్లతోనే. దీని నట్లు పాత ఇంగ్లీషు విట్‌వర్త్ కొలతవి, ఈనాటి మిల్లీమీటరు స్పానర్లు వాటికి కూర్చోవు. బలవంతాన తిప్పితే మూలలు అరిగిపోతాయి. మేస్త్రీ గారి డబ్బా అడుగున గోనెగుడ్డలో చుట్టి వాళ్ళ నాన్నగారి సెట్టు ఉంది. దానితో ముందు నూనె చల్లే నోజిలు విప్పి, ఆ కంతలోంచి చూశారు. అప్పుడు నెమ్మదిగా చక్రాన్ని చేత్తో కదిపితే కదల్లేదు. పట్టేసింది.

అడుగు బోల్టు తీస్తే కాఫీరంగు నీళ్ళు సగం బకెట్టు, తర్వాత గట్టి ఒండ్రు. ఈ ఇంజనుకు నూనె పంపింగు పెద్దగా ఏమీ ఉండదు. బిగ్ ఎండ్ అడుగున చిన్న గరిటెలాంటి కొమ్ము ఉంటుంది. అది చుట్టుకోసారి మొబిలాయిల్లో మునిగి పైకి చిమ్ముతుంది. ఆ చిలకరింపే అన్ని భాగాలనూ తడుపుతుంది. ఇంత సులువైన ఏర్పాటులో ఒక ప్రమాదముంది. నూనెలో ఏముంటే అదే బేరింగుల మీదికి పోతుంది. ఒండ్రు ఉంటే ఒండ్రే చిలకరిస్తుంది. అందుకే డీజిలు పోసి మూడుసార్లు కడిగి, ఇంజను పక్క తలుపు తీసి వేళ్ళతో మూలలన్నీ తడిమాం. ఒక మూల నుంచి వచ్చిన నల్లని గరుకు ఇసుక మాత్రం గోదారిది కాదని మేస్త్రీ గారు తేల్చారు. పోతపోసేటప్పుడు అచ్చులోంచి మిగిలిపోయిన ఇసుక అట. అది పుట్టుకతోనే ఉంది. రాజ్‌కోట్ ఇంజను కొత్తది కొన్నా ముందొకసారి విప్పి కడుక్కోమని తెలిసినవాళ్ళు చెప్పేది ఇందుకే.

హెడ్డు ఊడదీసి, పిస్టన్ మీద కిరసనాయిలూ డీజిలూ కలిపి పోసి నాలుగు రోజులు వదిలేశాం. రోజూ పొద్దున ఒక కర్రదిమ్మ పెట్టి సుతారంగా నాలుగు దెబ్బలు. సుత్తి ఇనుము మీద పడకూడదు. మూడో రోజున నాకు ఓపిక పోయి గట్టిగా కొడదామన్నాను. “తుప్పు గోడను ఎంత పట్టుకుందో మనకు తెలీదు కదండీ, నూనెనే పోనివ్వండి” అన్నారాయన. నాలుగో రోజు సాయంత్రం దిమ్మ కింద వెంట్రుకవాసి జారింది. ఆ సంతోషంలో ఇద్దరం కొబ్బరిచెట్ల కింద చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం.

పిస్టన్ బయటికి తీస్తే రింగులు నాలుగూ గాళ్ళలో అతుక్కుపోయి ఉన్నాయి. అవి మార్చాల్సిందే. సిలిండరు గోడ మీద తుప్పు మచ్చలున్నా గుంటలు పడలేదు, సన్నపు రాయితో పాలిషు పెడితే సరిపోయింది. అసలు దెబ్బ తిన్నది ఎగ్జాస్టు వాల్వు. వరద వచ్చిన రోజున అది కొద్దిగా తెరుచుకుని ఉన్నట్టుంది, సీటు మీద తుప్పు చుక్కలు చుక్కలుగా తినేసింది. గ్రైండింగ్ పేస్టు పూసి, పిడికి వాల్వును తగిలించి, అరచేతుల మధ్య కవ్వంలా అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. సీటు చుట్టూ బూడిదరంగు వలయం ఎక్కడా తెగకుండా రావాలి. ఒక పూట పని అనుకున్నది రెండు రోజులు పట్టింది. కిరసనాయిలు పోసి చూస్తే బొట్టు కూడా కారలేదు.

ఇంజెక్షన్ పంపు విషయంలో మాత్రం మేస్త్రీ గారు నన్ను దూరంగా కూర్చోమన్నారు. దానిలోని కడ్డీకీ గొట్టానికీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేదు. అంత బిగువుంటేనే నూనె వెనక్కి జారకుండా ముందుకు పోతుంది. అలాంటిచోట ఒక్క ఒండ్రు రేణువు చాలు. ఆ రెండూ ఒకదానితో ఒకటి రాపిడి చేయించి జోడు కుదిర్చినవి కాబట్టి, ఒకదాన్ని ఇంకో పంపులోది పెట్టి వాడకూడదు. అదృష్టం, పాత డీజిలు జిగటగా పంపులోనే మిగిలి ఉండడంతో నీరు లోపలికి పోలేదు. నోజిలుకు ఆ అదృష్టం లేదు, కొత్తది కాకినాడ నుంచి తెచ్చాం.

పదమూడో రోజున తిప్పాం. నలభై నెంబరు మొబిలాయిలు పోసి, పైపులో గాలి తీసి, పంపు మీట చేత్తో కొడితే నోజిలు కిర్రుమని పలికింది. ఆ శబ్దం వచ్చిందంటే నూనె సరిగా చల్లుతోందని గుర్తు. హెడ్డు పక్కన ఒక చిన్న చేతిచక్రం ఉంటుంది. దాన్ని బిగిస్తే మంట గదిలో కొంత భాగం మూసుకుపోయి గాలి ఇంకా గట్టిగా నలుగుతుంది. చల్లని ఇంజనును లేపడానికి డర్స్‌లీ వాళ్ళు కనిపెట్టిన ఉపాయం అదే. గాలి పదిహేడో వంతుకు నలిగితే 500 డిగ్రీలు దాటి కాగుతుంది. పంచె పైకి ఎగ్గట్టి బిగించుకోమన్నారు మేస్త్రీ గారు. ఫ్లైవీలును షాఫ్టుకు బిగించే కీ ముక్కులా బయటికి పొడుచుకుని ఉంటుంది. అది పంచె కొస పట్టుకుందంటే మనిషిని వదలదు. ఆ పాత ఇంజన్లలో నాకు నచ్చని భాగం అదొక్కటే. మేం రేకు మూత చేయించి బిగించాం.

వాల్వు ఎత్తి పట్టుకుని, హ్యాండిలు తిప్పి, చక్రాలు ఊపందుకున్నాక వాల్వు వదిలాను. ఒక దెబ్బ. రెండు. తెల్లపొగ ముద్దగా వచ్చి ఆగిపోయింది. తెల్లపొగ అంటే నూనె వెళ్తోంది, మండడం లేదు. గాలి చాలినంత కాగడం లేదన్నమాట. కొత్త రింగులు గోడకు ఇంకా కుదురుకోలేదు కదా, పిస్టన్ మీద రెండు చెంచాల మొబిలాయిలు పోసి సందులు మూసి మళ్ళీ తిప్పాం. ఈసారి అందుకుంది. ముందు ఆయిలు మండిన నీలిపొగ, కాసేపటికి పొగే లేదు. కానీ వేగం నిలవలేదు. ఎగశ్వాస దిగశ్వాస తీస్తున్నట్టు పెరగడం, తగ్గడం. వేగాన్ని అదుపుచేసే గవర్నరు కడ్డీల పిన్నులు తుప్పుతో బిగుసుకుని, వేగం పెరిగిన చాలాసేపటికి గానీ నూనె తగ్గించడం లేదు. పిన్నులు తీసి తుడిచి నూనె వేస్తే, చిన్నప్పటి ఆ డబ్ డబ్ చప్పుడు మళ్ళీ వచ్చింది. పక్క పొలం పెద్దాయన గట్టు మీద నడుస్తూ ఆగి, “మీ తాతగారి ఇంజనేనా?” అని అడిగారు.

ఒక్క విషయంలో తాతగారి పద్ధతి మార్చాం. ఆయన పంపు నీళ్ళను నేరుగా ఇంజను చుట్టూ తిప్పేవారు. ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని అందరి నమ్మకం. అది నిజం కాదు. సిలిండరు గోడ మరీ చల్లబడితే మంటలో పుట్టిన ఆవిరి గోడ మీద చెమ్మలా పట్టి, నూనెలోని గంధకంతో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. 2020 నుంచి మన డీజిల్లో గంధకం బాగా తగ్గింది కాబట్టి ఆ తినడమూ తగ్గింది. అయినా చెయ్యి పెడితే సుర్రుమనేంత వేడి ఇంజనుకు ఆరోగ్యం. పక్కన నీళ్ళ పీపా పెట్టి రెండు గొట్టాలు కలిపితే చాలు. కాగిన నీరు తేలికై పైగొట్టంలోంచి పీపాలోకి పోతుంది, చల్లనిది కింద నుంచి వస్తుంది. వేరే పంపు అక్కర్లేదు.

ఈ ముచ్చట అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడికి చెబితే, తన గరాజులో ఉన్న, మంచును ఎగజిమ్మే యంత్రం కథ చెప్పాడు. అలాంటి యంత్రాన్ని 1925లో కెనడాలో మాంట్రియాల్ దగ్గర ఆర్థర్ సికార్డ్ తయారుచేశాడు. ఇప్పుడు మంచు పడే ఊళ్ళలోని తెలుగు ఇళ్ళల్లో కూడా అది ఉంటుంది. నాలుగు నెలలు పని, ఎనిమిది నెలలు నిద్ర. డిసెంబరులో తాడు లాగితే లేవదు. విప్పి చూస్తే కార్బురేటరు అడుగున పెట్రోలు ఎండి లక్కలా అంటుకుని, సూది మొనంత జెట్టు పూడుకుపోయి ఉంటుంది. జబ్బు మా పాకలోదే. అక్కడ మంచు, ఇక్కడ వరద, రెండుచోట్లా ఇంజనుకు శత్రువు పనిలేకుండా పడుకోవడమే. మన రైతుల మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లకూ ఇదే గతి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుని అడుగున వేరుపడుతుంది. సీజను అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలింది కూడా మండిపోయేదాకా నడిపి ఆపేయడం మంచిది.

మా ఇంజను మళ్ళీ పొలానికంతటికీ నీళ్ళు పెట్టాలని నేను అనుకోలేదు. ఆ పని కరెంటు మోటారు చవగ్గా, పొగ లేకుండా చేస్తుంది. కానీ వరదొచ్చినప్పుడు మొదట పోయేది కరెంటే, చేనులో నీరు తోడాల్సింది కూడా అప్పుడే. కొద్దిపాటి డీజిలుతో, బ్యాటరీ కూడా లేకుండా, ఒక మనిషి చేత్తో లేచే యంత్రం ఆ వారంలో ఎంత విలువైందో ముంపు చూసిన ఊళ్ళకు చెప్పనక్కర్లేదు. దాన్ని ఈసారి రెండడుగుల ఎత్తు సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టాం. నెలకొకసారి అరగంట నడుపుతున్నాం.

మీ పాకలోనూ ఇలాంటిది ఉంటే కిలోల లెక్కన అమ్మేయకండి. అది మునిగి ఉంటే మాత్రం హ్యాండిలు ముట్టుకోవద్దు. ముందు నోజిలు విప్పండి, అడుగు బోల్టు తీసి నీళ్ళు పోనివ్వండి, మీ ఊళ్ళో పాత మేస్త్రీ ఎవరున్నారో కనుక్కుని ఆయన్ను పిలవండి.